బలపం

తోడికోడలు ఫోన్లో అడుగుతుంది:
"బాయిలర్లు చేస్తావా అక్కడ?
వేణ్ణీళ్ళ బాయిలరేనా,
బొగ్గులేసి, చింతపండుతో తోమేదీ?"
కాదే అంటాను. పోనీ అవునే అంటాను.
మూడేళ్ళుగా బాయిలర్‌మేకర్ పని నేర్చుకుంటున్నా
ఒక్క బాయిలరూ చెయ్యలేదు నేను.
చేసినవి తొట్లు, మెట్లు, గొట్టాలు,
ఇనుపరాయి జారే గరాటాలు.

వయాలాలో జూలై రాత్రి.
ఎన్నిసార్లు తుడిచినా కిటికీ గట్టు కావిరంగే.
వంటబల్ల మీద కార్న్‌ఫ్లేక్స్ డబ్బా చింపి
చదరంగా మొదలై గుండ్రంగా ముగిసే గొట్టం
అట్టతో కత్తిరిస్తున్నాను.
పన్నెండు భాగాలు, పన్నెండు గీతలు.
బొమ్మలో కనిపించే పొడవు వేరు,
అసలు పొడవు వేరు.
ఈ ఒక్క ముక్క బుర్రకెక్కడానికి
మొదటి ఏడాదంతా పట్టింది.

అప్పట్లోనే ఓ రోజు
వాలుగా కోసిన గొట్టాన్ని
కాగితమ్మీద విప్పి పరిస్తే
అల లేచింది.
అల కాదది, చంక.
మండపేటలో పదకొండేళ్ళు
నేను కత్తిరించిన జాకెట్టు చెయ్యి!
అదే ఎత్తు, అదే దిగుడు.
నవ్వాగక హెల్మెట్ ముసుగు దించుకున్నాను.

"గుడ్డ నీ మాట వింటుంది, ప్లేటు వినదు"
అన్నాడు పెన్‌హాల్ మాష్టారు.
నిజమే. గుడ్డ సాగుతుంది,
లైనింగు కింద నా తప్పు దాస్తుంది.
కుట్టుకి అంగుళం వదిలేదాన్ని,
ఇక్కడ సందు మూడు మిల్లీమీటర్లు.
విప్పడానికి బ్లేడు ముక్క చాలేది,
ఇక్కడ గ్రైండరూ, రవ్వలూ, మెడ మీద మచ్చలూ.
టాకా మాత్రం
అక్కడా టాకాయే, ఇక్కడా టాకాయే.

లౌక్య చీటీలు పట్టుకుని కూర్చుంది,
తొమ్మిదేళ్ళ ఇన్‌స్పెక్టరు.
"బయటి వ్యాసం మూడువందల ఇరవై నాలుగు.
మందం పది. ప్లేటు ఎంత పొడుగు కొయ్యాలి?"
బయటి కొలత కాదు, లోపలిదీ కాదు.
మందం నడుమ ఒక గీత ఉంటుంది,
కంటికి కనపడదు,
ప్లేటు వంగినా అది సాగదు, కుంగదు.
దాన్ని పట్టుకుని లెక్కేస్తాను.
"తొమ్మిదివందల ఎనభై ఆరు."
"ఆరున్నర, అమ్మా."
దానికి అర కూడా కావాలి.

సోమవారం నా నిలువు వెల్డు వంచి చూశారు.
పైకి ఎంత ముచ్చటగా ఉందో, జడ అల్లినట్టు.
వంగుతూ వంగుతూ
నడిమధ్యన నోరు తెరిచింది.
సన్నటి నెర్ర. లోపల బూడిదరంగు.
జేడన్‌కి పందొమ్మిదేళ్ళు, వాడి ముక్క పగల్లేదు.
ఏమీ అనకుండా
తన బిస్కట్ల పొట్లం నావైపు జరిపాడు.
మాష్టారు నెర్రని బొటనవేలితో తడిమి
"అడుగు కరిగేదాకా ఆగలేదు నువ్వు" అన్నాడు.
ఆగలేదు.
పెళ్ళి ముందురోజు రాత్రి జాకెట్టులా
కుట్టి పారేశాను.

మంగళ, బుధ, ఇవాళ
షెడ్డులో చివరిగా దీపం ఆర్పింది నేనే.
నిప్పుచుక్క వెనకాల చిన్న బెజ్జం తెరుచుకుంటుంది.
దాని రెండు అంచులూ తడిసేదాకా
ఊపిరి కూడా తొందరపడకూడదు.
తొమ్మిది ముక్కలు వంచితే
ఏడు పగల్లేదు.
ఆ రెండూ ఎందుకు పగిలాయో తెలుసు.
ఏడూ ఎందుకు నిలిచాయో
ఇంకా సరిగ్గా తెలీదు.

పరీక్ష పొద్దున్న ఎనిమిదింటికి.
సంచీలో సుత్తి, మూలమట్టం, వైరు బ్రష్షు,
గీతలు గియ్యడానికి తెల్లటి పుల్లలు నాలుగు.
వీళ్ళు ఫ్రెంచి చాక్ అంటారు.
మొదటిరోజు వేళ్ళ మధ్యకి రాగానే
గుర్తుపట్టాను, బలపమే.
నల్లటి ప్లేటు, తెల్లటి గీత.
ముప్పై తొమ్మిదేళ్ళకి మళ్ళీ పలక.

లౌక్య పడుకుంది.
వాళ్ళ నాన్న రాత్రి షిఫ్టుకి వెళ్ళాడు.
చిన్నప్పుడు తిన్న బలపాలకి లెక్కలేదు నాకు,
ఒకటోక్లాసు పంతులమ్మ
నాలిక చాపించి మరీ కొట్టేది.
ఒక పుల్ల తీసి, అటూ ఇటూ చూసి
కొస కొరికాను.

అదే రుచి.

పొద్దున్నే లేచి
దీన్ని మళ్ళీ సన్నగా అరగదియ్యాలి.
పంటి గాట్లు కనిపిస్తున్నాయి.