వారబందీ

ఐదు నెలలాయె.
క్యాలెండరు కాయితం చింపినప్పుడల్లా
అమ్మ నా దిక్కు జూస్తది, నోరు తెరవది.
ఐదో కాయితం నాడు తెరిచింది:
"ఎవడే వాడు?"

ఎవడూ లేడమ్మా.
నా ఎనకపడ్డది స్టాప్‌వాచీ ఒక్కటే.
తెల్లారగట్ల నాలుగింటికి
ఎడమకాల్వ కట్ట మీద ఉరుకుడు,
ఎనిమిది వందల మీటర్లు,
మల్ల ఎనిమిది వందలు.
కానిస్టేబులు కొలువు కోసం
పొద్దుగాల ఒక అరటిపండు, రాత్రి రెండు పుల్కలు,
అన్నం ముట్టక యాడాది.

మిర్యాలగూడ దవాఖానల సబీహా మేడం
అమ్మను బయట కూసోబెట్టింది.
మందుల చీటీ ఎనక తలకాయ గీసి
నడిమిట్ల బాదంగింజంత సున్నా చుట్టింది.
"హైపోథాలమస్.
నీ నెలసరి తూము పొత్తికడుపుల లేదు బిడ్డా, ఈడుంది."
దాని కింద బఠానీ గింజ, పిట్యూటరీ.
బాదంగింజ గంటకో గంటన్నరకో
చిటికేసినట్టు ఒక చుక్క ఇడుస్తదంట.
బఠానీ మేలుకొని నెత్తుట్ల కబురు తోలుతదంట.
అండాశయం అందుకుంటదంట.
"ఎడతెగకుండ ఇడిస్తే?" అన్న.
"బఠానీకి చెవుడొస్తది. మొత్తం బందు.
వంతు తప్పొద్దు."

నవ్వొచ్చింది.
మా నాయిన జానయ్య ముప్పై ఏండ్ల సంది లష్కరు.
తొమ్మిది దినాలు ఇడుపు, ఆరు దినాలు బందు,
అదే ఆయన పంచాంగం.
నీళ్లెక్కువైతే చివరి భూముల నుంచి ఫోనొస్తది:
"జానన్నా, సాలు, మడి తెగుతాంది!"
ఆ కేక కాల్వకు ఎదురెక్కి గేటు కాడికొస్తది.
నాయిన నిద్రకండ్లతోని చక్రం తిప్పుతడు.
ఒంట్ల గూడ గంతేనంట.
అండాశయం ఎదురు కబురు పంపుతది, సాలు తల్లీ అని.
బాదంగింజ ఇంటది.

మరి నాదెందుకు ఆగింది?
మేడం నా మోచెయ్యి పట్టి ఎముక తడిమింది.
"డ్యాముల నీళ్లెన్నున్నయ్?"

మట్టం పడ్డ ఏడు
ఇంజినీరు పంటలకు ఇడువడు, తాగనీకే ఉంచుతడు.
నా తలకాయల కూసున్నోడెవడో
మట్టం జూసి, లెక్క గట్టి,
గుండెకు ఇచ్చిండు, కాళ్లకు ఇచ్చిండు,
బిడ్డల పంటకు మాత్రం
ఈ కారు లేదన్నడు.
నన్నడగలే.
నేను సెకండ్లు లెక్కవెట్టుకునేటాల్ల
వాడు నా మెతుకులు లెక్కవెట్టిండు.
కోపమొచ్చింది.
కొంచెం పావురం గూడ.

బస్సుల అమ్మ మాట్లాడలే.
హాలియాల దిగి కోడిగుడ్ల ట్రే కొన్నది, ముప్పై.
"ఎవడే" అన్న మాట ఎనక్కి తీసుకోలే,
ట్రే మాత్రం ఇంటిదాంక తనే మోసింది.

నాయినకు ఎవరేం జెప్పిన్రో,
తెల్లారి కట్ట మీద స్టాప్‌వాచీ చేతికియ్యలే.
"ఇయ్యాల బందు," అన్నడు
గేటు దిక్కు జూసుకుంట.

ఈవెంట్లకు ఇరవై రెండు రోజులు.
తింటున్న. రోజిడిచి రోజు ఉరుకుతున్న.
ఇంక రాలే.
రాత్రి చెవొగ్గి పండుకుంట.
బందు దినాలల్ల షట్టరు సందు నుంచి
ఒక్కో చుక్క పడే సప్పుడు ఇంటిదాంక ఇనబడతది.
టప్.
చానాసేపటికి మల్ల, టప్.
అది గేటుదో నాదో,
లేచి చూడబుద్ధి గాలే.