తేరుకునే వేళ

ఎమ్స్ నది డొల్లార్ట్ అఖాతంలో కలిసే చోట
ముప్పై ఏళ్లుగా బురద తోడుతున్నాను.
అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు కదా,
నా జీతం మొత్తం ఆ రెండు మాటల నడుమే.
నిన్న ఎత్తి దూరాన పారబోసి వచ్చిన మట్టి
పోటెక్కి ఇవాళ్టికి వెనక్కి వచ్చేస్తుంది,
గోనెసంచిలో కట్టి ఊరవతల వదిలినా
పాలవేళకి గడపలో కూర్చునే పిల్లిలా.

వారానికోసారి మా పడవెక్కుతుంది గేష,
నీటి కొలతల ఆఫీసు మనిషి.
పెట్టెలో కెమెరా, వెడల్పు మూతి గాజుగొట్టం,
వేళ్ల కొసలు కత్తిరించిన ఉన్ని తొడుగులు.
నేను తోడేదేమిటో ఆమె చెబితే తెలిసింది.

పైనుంచి కొట్టుకొచ్చే బంకమట్టి రేణువు
కంటికి ఆనదు.
పలక లాంటి ఒళ్లు, ఒంటినిండా ఒకే రకం విద్యుత్తు,
తన లాంటిది ఎదురైతే పక్కకి తొలుగుతుంది.
మంచినీళ్లలో అన్ని మైళ్లూ అంతే,
ఒకే పడవలో పలకరించుకోని దాయాదుల్లా.
ఏటి మొగ దగ్గర ఉప్పు తగులుతుంది.
ఉప్పు తిన్నాక
ఎవరికైనా కాస్త విశ్వాసం పుడుతుంది.
బెట్టు సన్నబడి భుజం భుజం తాకుతుంది,
కనపడని నాచుజీవులు కార్చిన జిగురు
మిగతా పని చూసుకుంటుంది.
ఒకటి, పది, పదివేలు,
మట్టి దూదిపింజవుతుంది.
పింజలో మట్టి కన్నా నీళ్లే ఎక్కువ.
ఎక్కడో ఎండ దేశాల్లో
కుండలో చిల్లగింజ అరగదీసి నీళ్లు తేరుస్తారట,
గేష ఎక్కడో చదివింది.
ఇక్కడ ఆ గింజ అరగదీసే చెయ్యి సముద్రానిది.

నెమ్మదిగా కలియబెడితే పింజ పెరుగుతుంది,
విసురుగా కలిపితే చెదురుతుంది.
ఇరుకు గొట్టంతో పీల్చినా చాలు,
గాజులోకి వచ్చేది పొడి.
"అడిగే తీరుకే విరిగిపోతుంది" అంది ఒకసారి.
నీళ్ల సంగతే అనుకున్నాను.

పాటు తీశాక బురదమేట మీదికి త్యార్క్ వస్తాడు.
ఒక మోకాలు చెక్కబండి మీద,
రెండో కాలితో బురదని వెనక్కి తన్నుకుంటూ,
మలుగుచేపల బుట్టల కోసం.
గేషకి తండ్రి.
"ఓడల కోసం ఏరు తవ్వేవాళ్లకి లెక్కలు రాస్తావా?"
అన్నది ఆఖరి మాట. రెండేళ్లయింది.
బుట్టలు తేలికయ్యాయి.
అడుగున నీరూ నేలా కాని అంబలి పేరుకుంది.
మా లోతు యంత్రం రెండు అట్టడుగులు చూపిస్తుంది,
ఏది నిజమో చెప్పదు.
అతను మా పక్కనుంచే పోతాడు, తల తిప్పకుండా.
కొంగల్ని చూస్తున్నట్టు నటిస్తాను నేను.

అక్టోబరులో ఒక మంగళవారం,
పాటు ఆగి పోటు ఇంకా కదలని ఆ ఇరవై నిమిషాల్లో
మేట అంచున చెక్కబండి ఆగింది.
గేష గొట్టంలోకి చూస్తోంది.
పింజలు దిగుతున్నాయి, తొందర లేకుండా,
పైనుంచి కొంచెం కొంచెంగా వెలుతురు.

"ఎంతసేపు పడుతుంది?"

ఆమె గడియారం మీంచి కళ్లెత్తలేదు.
"ఉప్పుని బట్టి."

"నిలుస్తుందా?"

"పోటు వచ్చేదాకా."

అతను వంగి ఇంత బురద తీసి
బొటనవేలితో నలిపి చూశాడు, పిండి చూసినట్టు.
"పోయిన నెల కన్నా జిగురెక్కువ" అన్నాడు,
లాగుకి తుడుచుకున్నాడు.
గేష అది పుస్తకంలో రాసుకుంది.
తేదీ, వేళ, చెప్పినవారు: త్యార్క్.
అక్షరాలు కొంచెం వంకరపోయాయి, చలికేమో.

లంగరు గొలుసు దగ్గర నీళ్లు ముడతపడ్డాయి.
పైవాళ్లు రేడియోలో పిలుస్తున్నారు,
తోడాల్సింది ఇంకా వెయ్యి బండ్లుంది.
ఇంజను తాళం పిడికిట్లో పట్టుకుని
అలాగే నిలబడ్డాను,
ఇనుము వేడెక్కేదాకా.