నలభై నంబరు దారం

శుక్రవారం షిఫ్టు దిగే వేళ
రిమ్మా ల్వోవ్నా మిషన్ల మధ్యకొచ్చి నిలబడింది.
చేతిలో జాబితా. మా లైనులో నలభై ముగ్గురం.
"ఆదివారం పన్నెండులోపు
ఫొటో నా ఫోనుకి రావాలి.
చీటీ మీద టిక్కు స్పష్టంగా కనబడాలి."
ఎవరికో చెప్పలేదు.
చెప్పక్కర్లేదు, క్యాంటీన్ గోడ మీంచి నెల్లాళ్ళుగా
ఆ ముఖం మా సూపు గిన్నెల్లోకి చూస్తూనే ఉంది.

"పంపకపోతే?" అంది లుకేర్యా.
కొత్త పిల్ల, అడగడం ఇంకా మానలేదు.
రిమ్మా జవాబు చెప్పలేదు.
మూడో మిషను వైపు చూసింది, అంతే.
పోయిన ఎన్నికల దాకా అక్కడ అగ్నియా కూర్చునేది.

నాకు యాభై రెండేళ్ళు.
చమురు బావుల దగ్గర పనిచేసేవాళ్ళకి
చేతి తొడుగులు కుడతాను, రోజుకి నూట తొంభై జతలు.
బొటనవేలు అతకడమే కష్టం,
మిగతా నాలుగూ వాటంతటవే వస్తాయి.
ఈ ఉరల్ చలిలో మా క్వార్టర్స్ గొట్టాల్లో పారే
వేడినీళ్ళు ఫ్యాక్టరీవి.
మా ఆయన గుండె మందుల చీటీ మీద ముద్ర ఫ్యాక్టరీది.
ఇక ఆ చిన్న గడి ఒక్కటీ నాదనుకుంటే
నాకే నవ్వొచ్చింది.

ఉపాయం ఎవరు చెప్పారో చెప్పను.
కడుక్కునే గదిలో కుళాయి పూర్తిగా తిప్పి
ఆ నీళ్ళ చప్పుడు చాటున చెప్పింది:
నల్ల దారం, రెండంగుళాలు.
తడపకు, మరక పడుతుంది.

ఆదివారం.
బడి వ్యాయామశాలలో బాస్కెట్‌బాల్ బుట్ట కింద పెట్టె.
గుమ్మంలో క్యాబేజీ కూరిన రొట్టెలు సగం ధరకి,
స్పీకర్లో ఎవరి పెళ్ళిలోదో పాట.
తెర లాగాను.
గడి చొక్కా బొత్తామంత ఉంది.
దారం వంచి పెట్టాను, చిన్న కాలు, పెద్ద కాలు.
ముప్పై ఏళ్ళుగా నా మాట వింటున్న దారం
ఆ పూట వినలేదు.
ఊపిరి తగిలితే చాలు
పక్క పేరు గడిలోకి జారిపోతోంది.
ఊపిరి బిగబట్టాను.
ఫొటో.

తర్వాత ఉఫ్ మని ఊదాను.
చీటీ ఖాళీ.

అసలు భయం అప్పుడు పట్టుకుంది.
రెండు రోజులుగా దారం గురించే ఆలోచించాను,
ఎంత పొడవు, ఎంత మందం, ఏ జేబులో అని.
గడి నా చేతికొచ్చాక అందులో ఏం పెట్టాలో
ఒక్కసారైనా అనుకోలేదు.
ఐదు పేర్లు.
రెంటిని అప్పుడే మొదటిసారి చదివాను.
కూడబలుక్కుని, చిన్నపిల్లలా.
తెర బయట ఎవరో దగ్గారు.
పెన్నుకి కట్టిన తాడు పొట్టిది, మొహం వంచాల్సొచ్చింది.
ఎవరికి వేశానో అడక్కండి.
ఆయనకే వేశానేమో కూడా.
అయినా వేసింది నేను.

ఆయనే గెలిచాడు, అందరం అనుకున్నట్టే.

సోమవారం రిమ్మా ల్వోవ్నా నన్ను కిటికీ దగ్గరికి పిలిచింది.
నా ఫొటోని రెండు వేళ్ళతో సాగదీసింది,
ఇంకా సాగదీసింది.
నాకంటే ఆరేళ్ళు ముందు పన్లో చేరిన మనిషి,
సిరాకీ నూలుకీ తేడా చీకట్లో తడిమి చెప్పగలదు.
పెద్ద కాలు చివర
వెంట్రుకంత పీచు లేచి ఉంది.
నా గొంతులో దారపు కండె అడ్డం పడింది.
వెనకాల మిషన్లు నడుస్తూనే ఉన్నాయి,
కుట్టేవాళ్ళ చెవులు మాత్రం ఆగిపోయి మా వైపే ఉన్నాయి.

జాబితాలో నా పేరు పక్కన
పెన్సిలుతో టిక్కు పెట్టింది.
గట్టిగా, కాగితం నలిగేట్టు.
ఫోను జేబులో వేసుకుని
వెళ్తూ వెళ్తూ, మొహం తిప్పకుండా అంది:

"కత్తెర పదును పెట్టించుకో, తైసియా.
కొసలు పీచు లేస్తున్నాయి."