గడి నాలుగు-బి

గడువు అర్ధరాత్రి పన్నెండు, వాళ్ళ గడియారంలో.
మా విహిగాలో అప్పటికి ఒంటిగంట.
సాయంత్రం వానతోపాటే కరెంటు పోయింది.
ల్యాప్‌టాప్‌లో ముప్ఫైఒక్క శాతం ప్రాణం,
పక్కన లాంతరు, మీగడ కట్టిన టీ,
తెర మీద గడి నాలుగు-బి:
"మీరు మార్చబోయే ఒకే ఒక్క అంశం ఏది?
మిగిలినవన్నీ స్థిరంగా ఎలా ఉంచుతారు?
నూటయాభై పదాలు మించరాదు."

రసోవా పెరట్లో స్థిరంగా ఉన్నదేమిటా అని
నిజాయితీగానే వెతికాను.
గుట్ట మీది బండరాయి అనుకుందామంటే
మొన్నటి పెద్ద వానలకి అదీ దొర్లి
ఇంబూగా వాళ్ళ కోళ్ళగూడు నలిపి ఆగింది.

పోయినేడు దరఖాస్తు తిరిగొచ్చింది.
రెండో పరిశీలకుడు మర్యాదగానే రాశాడు:
"ఆవు, మొక్కజొన్న, పేడ, పాలు, బడి ఫీజు,
ఇది పరిశోధనా, వారపు సంతా?
దృష్టి ఒకచోట నిలపండి."
నిలిపాను.
మొక్కజొన్న మొదలు పట్టుకుని చూస్తే
వేళ్ళను పీల్చే ఊదాపూల స్ట్రైగా,
దాని కింద సత్తువ చచ్చిన నేల,
నేల వెనక లేని పేడ,
పేడ వెనక లేని ఆవు.
తీగ లాగితే డొంకంతా కదిలింది.
డొంకకి గడి లేదు, తీగకే ఉంది.

బుధవారం మద్దతు లేఖ మీద సంతకానికి వెళ్ళాను.
నా బొమ్మ కూడా పట్టుకెళ్ళాను,
పదకొండు పెట్టెలు, ఇరవైమూడు బాణాలు,
రంగుల్లో అచ్చు వేయించి.
రసోవా దాన్ని తలకిందులుగా పట్టుకుని
చాలాసేపు చూసింది.
"ఇది ఎవరి పొలం?"
"నీదే."
అరుగు మీద కూర్చుని కళ్ళు తుడుచుకునేంతగా నవ్వింది.
తర్వాత అడిగింది,
"మా మరిది చావేది ఇందులో?"

మూడు రోజులు, రెండొందల మంది,
టీ, చక్కెర, ఉగాలి, టెంటు అద్దె.
ఆవుని అమ్మింది.
"ఆవే పోయాక ఆ డెస్మోడియం ఎవరికి కోసి వెయ్యను?
పీకేసి బీన్స్ పెట్టాను."
మామూలుగానే చెప్పింది,
చేతిలో గింజలు ఏరుతూ.

మా లెక్కల పుస్తకంలో పదిహేడో మడి ఎదురుగా
ఒక వాక్యం ఉంది: "రైతు సహకరించలేదు."
దస్తూరి నాదే.

లెక్కలు చూసే ఒమిందే ఫోన్లో అన్నాడు,
"రిస్కుల పట్టికలో వేసెయ్ అక్కా,
అనావృష్టి, కత్తెర పురుగు, మరణం.
సంభావ్యత: మధ్యస్థం."
ఎక్కువ, మధ్యస్థం, తక్కువ,
మూడే ఉన్నాయి ఎంచుకోడానికి.
చావుకి మధ్యస్థం అని నొక్కాను.
బడ్జెట్లో మట్టి పరీక్ష పెట్టెకి అనుమతి ఉంది,
మీటింగు టీకి లేదు,
మైలపడ్డ ఇంటికి బస్తా పిండి అన్న మాటే లేదు.

పదకొండు శాతం.
రాసినదంతా కొట్టేసి మళ్ళీ మొదలుపెట్టాను:
"మేము మార్చబోయే ఒకే ఒక్క అంశం
పొలం చుట్టూ మేము గీసే గీత.
ఇన్నాళ్ళూ దాన్ని కంచె దగ్గర ఆపాము.
ఈసారి సమాధి దాకా, సంత దాకా, బడి దాకా.
మిగిలినవి స్థిరంగా ఉండవు.
ఉండవని ముందే ఒప్పుకుని కొలుస్తాము..."
పక్కన లెక్క నూటనలభైఎనిమిది చూపించింది.
మిగిలిన రెండు పదాల్లో
రసోవా కగేహా అని పేరు రాశాను.
వ్యాకరణానికి అది అతకలేదు.

పంపు నొక్కాను. నాలుగు శాతం.
తెర మీద చిన్న చక్రం తిరుగుతూనే ఉంది.
రేకుల మీద వాన మళ్ళీ అందుకుంది.

ఆ రోజు సంతకం పెట్టి, పెన్ను మూత బిగించి ఇస్తూ
ఒక్కటే అడిగింది ఆవిడ,
"డబ్బు వస్తే ఎప్పుడొస్తుంది?"
"పద్నాలుగు నెలలకి. వస్తే."
వేళ్ళ మీద ఏదో లెక్కేసుకుంది.
"అయితే ఈలోగా
బీన్స్ రెండు కాపులు తీసుకోవచ్చు."