చుట్లు

కల్వకుర్తిల ఈ ఎండకాలం
మూడే మోటర్లు కాలినయి.
కాలువొచ్చింది గద. మంచిదే.
రైతుల మొకాలు తేటపడ్డయి,
మా గల్లపెట్టె అడుగు కనబడ్డది.

నేను చుట్లు లెక్కపెడ్త.
మాసయ్య కాలిన తీగ పీకుతడు, వార్నిషు పూస్తడు,
పైసలడగనీకె సిగ్గుపడ్తడు.
రాగితీగ నా ఏళ్ల నడుమ తిరుగుతది,
నలభై ఆరు, నలభై ఏడు, నలభై ఎనిమిది.
నడుమ ఎవరన్న పలకరిస్తే మళ్ల ఒకటికెళ్లి.
గిట్ల పదకొండేండ్లు.

ఊరు మారుదామన్నది నేనే.
"ఏ ఊరు?" అన్నడు.
ఆ మాట మా ఇద్దరికీ కొత్త.
మా ఇంట్ల ఊరును ఎవ్వరూ ఏరుకోలే.
తాత ఏడు డ్యాములకు మట్టి మోసిండు,
ఏ ఊరో లారీ దిగినంకనే తెలిసేది.
అమ్మ బొంబాయిని సిమెంటు తట్ట కిందికెళ్లి చూసింది.
ఊర్లన్నీ గుంపుమేస్త్రీ ఏరిండు,
మావోళ్లు ఏలిముద్ర ఏసిండ్రు.

క్యాలెండరు ఎనక గీతలు కొట్టుకున్న:
కిరాయి, కరెంటు, నీళ్లు, పిల్లదాని బడి.

ముందుగాల పట్నం. బాలానగర్ల ఒక గల్లీ.
షట్టరుకు పదిహేనువేలు, డిపాజిటు మూడు లక్షలు.
ఆడ మోటరు కాలితే ఎవ్వరికీ పానం ఉసూరుమనదు.
పాతది తూకానికి పోతది, కొత్తది డబ్బల వస్తది.
"చుట్టుడా? గంత టైమెవరికున్నదమ్మా"
అన్నడు పాతినుము సేటు.
ఆయన కుప్పల ఒకదాన్ని ముట్టి చూసిన.
ఎవరో ఒద్దికగ చుట్టిన చేతిపని.
ఇంక పనికొస్తుండె.

తర్వాత కర్నూలు.
ఇల్లు చూపిచ్చిన పెద్దమనిషి
కిరాయి చెప్పకముందే కులమడిగిండు.
మాసయ్య చెప్పబోయిండు.
బస్సు టైమైందన్న నేను.
ఇంక గంటన్నర ఉండె.
ఆ గంటన్నర తుంగభద్ర ఒడ్డున కూసోని
ఉల్లిగడ్డ పకోడి తిన్నం. మంచిగనే ఉండె.
నదిదేం తప్పున్నది.

మిర్యాలగూడల బస్సు దిగంగనే తవుడు వాసన.
రాత్రంత మిల్లులు ఉరుముతనే ఉన్నయి,
మొగులు లేని ఉరుము.
మోటర్లు కాలుతయి, మస్తు కాలుతయి.
పైసలు మాత్రం బియ్యం లారీ కదిలినంకనే.
"ఉద్దెర ఓర్చుకుంటవా బిడ్డా?" అన్నది
గేటుకాడ చాయ్ పోసే సైదమ్మ.
"ఇస్తరు గాని అడగాలె. నిలబడి అడగాలె.
నీ మొగడు అడిగే తీర్గ లేడు."
"అడిగేది నేను" అన్న.
నోట్లకెళ్లి వచ్చినంకనే
ఆ సంగతి నాకూ ఎరికైంది.
సైదమ్మ రెండో చాయ్‌కి పైసలు తీసుకోలే.

ఇంటికొచ్చి అంకెలు కూడితే పట్నం గెలిచింది.
మళ్లోసారి కూడిన. మళ్ల పట్నమే.
మాసయ్య పండుకున్నడు, లేదంటే పండుకున్నట్టు చేసిండు.
అంకెలు అబద్ధమాడయి, నాకెరికే.
కాని ఆ కుప్పల తీగను
అంకెలు ముట్టుకోలే గద.
క్యాలెండరును మళ్ల గోడకు తిప్పిన.
దేవుడు ఇటు చూసిండు, లెక్క అటు పోయింది.

పొద్దుగాల దేవరకొండ మీదికెళ్లి పోయే బస్సుల
చుట్టే మిషిను ఎక్కిచ్చినం.
లగేజికి యాభై అన్నడు కండక్టరు, ముప్పై ఇచ్చిన.
"ఏడికమ్మా?"
మాసయ్య నా దిక్కు చూసిండు.
పేరు చెప్పిన.
ఆయనకు పైసల టికెటు, నాకు సున్నా టికెటు.
సిరా అయిపోయిందో ఏమో,
నా దాని మీద ఊరి పేరు సగమే పడ్డది,
మిర్యాల అని.
పెన్ను అడుక్కొని
మిగిలింది నేనే రాసిన.