వెనకవైపు

అవెన్యూ రోడ్డు ఆదివారం సంతలో
ఆగిన గడియారాల పక్కన, గోనెపట్ట మీద
దస్తగిరి మిలిటరీ బ్యాడ్జీలు పరుస్తాడు.

నేను ముఖం చూడను. తిరగేస్తాను.
అచ్చుతో కొట్టినదైతే వెనక
బొమ్మంతా గుంటపడి ఉంటుంది.
పోతపోసింది చదును, ఒళ్ళంతా మశూచి మచ్చలు,
అసలుకన్నా వెంట్రుకవాసి చిన్నది.
ముక్కుకి ఆనిస్తే పుల్లటి వాసన:
మొన్న రాత్రి యాసిడ్‌లో నానిన వందేళ్ళు.

"మరి ఇది?"
పోతే. అక్షరాల సందులు పూడిపోయాయి.
కానీ ఏనుగు నుదురు
అద్దంలా అరిగింది.
యాసిడ్‌కి చేతకాని అరుగుదల అది,
రోజూ తోమిన బొటనవేలిది.

"మా వీధి నాయక్ పెంచలయ్యది సార్.
పరేడ్‌కి ముందురోజు అసలుది పారేసుకున్నాడు,
జీతం కోస్తారని భయం.
శివాజీనగర్‌లో పోయించుకున్నాడు.
పదకొండేళ్ళు పెట్టుకున్నాడు.
ఒక్కడూ తిరగేసి చూళ్ళేదు."

కథ కూడా పోతపోసిందేనేమో.
కథల్ని తిరగేయడం నాకు రాదు.
మూడొందలన్నాడు, బేరమాడకుండా ఇచ్చేశాను.

ఇంట్లో నాకు రెండే సొరుగులు.
ఇదింకా చొక్కా జేబులోనే ఉంది.
బస్సు కార్పొరేషన్ సర్కిల్ దాటేలోపు
నా బొటనవేలు రెండుసార్లు
ఆ నుదుటి మీదికి వెళ్ళింది.