రెండు వేళ్ళ వెలుతురు

ఎర్మోసీయో ఊళ్ళో జూలై నెల.
రోళ్ళు పగిలే ఎండ అంటారు కదా,
మా వంటింట్లోనూ నల్లరాతి రోలుంది,
అది పగల్లేదు గాని
నా స్కూటరు సీటు పగిలింది.

నా పేరు రెఫూహియో. కిటికీలు కొలుస్తాను.
నోట్లో పెన్సిలు, చేతిలో టేపు,
మధ్యాహ్నం రెండింటికి ఒఫేలియా బొహోర్కెస్ నిద్ర చెడగొట్టాను.
డయాలసిస్ వార్డులో రాత్రి డ్యూటీ ఆమెది.
ఊరు కళ్ళు తెరిచే వేళకి
ఆమె కళ్ళు మూసుకోవాలి.

"నల్లది కావాలి," అంది. "బొగ్గంత నల్లది."
అందరూ అదే అడుగుతారు.
నలుపు చీకటినిస్తుందమ్మా, నిజమే,
కాని ఎండని తాగుతుంది.
తాగినదంతా సాయంత్రం గదిలోనే కక్కుతుంది.
లోపలివైపు మీకు నచ్చిన రంగు పెట్టుకోండి,
వీధికి మాత్రం తెల్లటి వీపు చూపించాలి.
అసలైతే బయటే కట్టాలి తెర.
అద్దం దాటాక ఎండ చుట్టం కాదు, ఇంట్లో మనిషే.
ఓనరు బయట గోడకి ఒక్క మేకూ ఒప్పుకోడట.

గుడ్డముక్కలు మంచం మీద పరిచాను,
ఒక్కోదాని వెనక ఫోను టార్చి వేసి చూపించాను.
ఒకటి జల్లెడ. ఒకటి ఉల్లిపొర.
మూడోదాని వెనక టార్చి ఆరిపోయిందేమోనని
తిప్పి చూసుకుంది, నవ్వింది.
రేటు చెప్పాక నవ్వు మానేసింది.

నిరుడు స్నానాలగదిలో చాప వేసుకునేదట,
కిటికీ లేనిది ఇంట్లో అదొక్కటేనట.
మోకాళ్ళు ఒప్పుకోక మళ్ళీ మంచమెక్కింది.
ఇప్పుడు అద్దానికి అల్యూమినియం కాగితం, మైదాతో అతికించింది.
ఎండకి పొక్కి చిట్లింది.
చీలికలన్నీ వంకరటింకర,
ఒక్క చిల్లు మాత్రం గుండ్రం.
నా బెల్టు ఎత్తున, కుడి మూల,
ఎవరో వేలితో అంచు సాపు చేసినట్టు.

కొలతలు రాసుకుని వరండాలోకొచ్చాను.
కుర్రాడు, ఎలియాసార్, ఎనిమిదేళ్ళుంటాయి,
బంతి చంకలో పెట్టుకుని నిలబడ్డాడు.
"పూర్తి చీకటా?"
"పూర్తిగా."
"గోరంత కూడా కనపడదా?"
"అందుకే కదా డబ్బులిస్తారు."
బంతిని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.
రోజూ పన్నెండింటికి ఆ చిల్లులోంచి చూస్తాడట.
అమ్మ పాదం కదిలే దాకా చూస్తాడట.
కదిలాకే ఆటకి పోతాడట.
ఎందుకని నేను అడగలేదు.
పలచటి గోడలు. వార్డు సంగతులు
ఫోన్లో ఎవరికో చెబుతుంటే వినే ఉంటాడు.

మంగళవారం బిగించాను.
పైన పెట్టె, ఇరుపక్కలా పట్టాలు.
తెర ఎంత మందమైనా
పగలు అంచుల్లోంచే దూరుతుంది, దొంగపిల్లి.
దించగానే నా చెయ్యి నాకే కనపడలేదు.
"దేవుడా" అంది ఒఫేలియా,
చర్చిలో అన్నట్టు కాదు,
చెప్పులు విప్పాక అన్నట్టు.

ఒక్క నిమిషమమ్మా, పట్టా బిగువుగా ఉంది, అన్నాను.
కుడివైపుది విప్పి వరండాలోకి తెచ్చాను.
కుర్రాడు ఒక కొస పట్టుకున్నాడు.
రంపం రెండు వేళ్ళు తిన్నది.

మళ్ళీ బిగించి,
మంచం మూరెడు ఇటు జరుపుదాం అన్నాను,
కూలరు గాలి తిన్నగా తగులుతుంది.
కూలరు పాడై ఏడాదైంది.
ఆమె నా వైపు చూసింది,
మాటాడకుండా అవతలి కోడు పట్టుకుంది.

మూలన వెలుతురు, అగ్గిపెట్టంత.
ముఖం దాకా రాదు, మంచం చివర ఆగింది.
"ఇదేంటి?"
"కొలత తప్పిందమ్మా."
ముప్పై ఏళ్ళుగా కోస్తున్న చెయ్యి, అబద్ధానికి వణకలేదు.
ఆమె మంచం మీద వాలి
ఎడమ పాదం ఆ వెలుతుర్లో పెట్టింది,
వేళ్ళు కదిపింది.
బయట బంతి ఒకసారి నేలకి తగిలిన చప్పుడు.

బిల్లులో ఒక పట్టా ఖరీదు కొట్టేశాను.
మిగతాది రెండు నెలల్లో ఇస్తానంది.
ఇల్లు చేరేసరికి ఆరయింది, ఎండ దిగలేదు.
నా కిటికీకి పాత దుప్పటి, మూడు మేకులు.
నాలుగోది కొడదామనే అనుకుంటాను
ప్రతి వేసవీ.